డెబ్భై శాతం చీకటి

శాతాలే నాకు కూడు పెడతాయి. గచ్చిబౌలి ఆఫీసులో పొద్దున కూర్చున్నది మొదలు సాయంత్రం దాకా నా పని అదే. ఎంతమంది కస్టమర్లు నిలిచారు, ఎంతమంది జారిపోయారు, పోయిన మూడు నెలల మీద ఎంత పెరిగింది, ఆ పెరిగింది దేని మీద లెక్క కట్టారు. ఆ చివరి ప్రశ్న వేసి కొత్త కుర్రాళ్లను నీళ్లు నమిలించడం నాకు సరదా కూడా. "శాతం అని ఊరికే అనకండి, దేంట్లో శాతమో చెప్పండి" అని నేను మీటింగుల్లో అనే మాట మా టీములో సామెత అయిపోయింది. అలాంటి నేను సొంత కారు అద్దాల దగ్గర ఆ ఒక్క ప్రశ్నా అడగలేదు. మరిచిపోయానని చెబితే పరువు కాస్త నిలుస్తుంది గానీ, మరిచిపోలేదు. అడిగితే నాకిష్టం లేని జవాబు వస్తుందని లోపల ఎక్కడో తెలుసు.

బాచుపల్లిలో ఫ్లాట్ కొనుక్కున్నవాళ్లం మేం చాలామందిమి ఒకే దారిన పడి పోతుంటాం. మియాపూర్ క్రాస్‌రోడ్స్, హఫీజ్‌పేట ఫ్లైఓవర్, కొండాపూర్, కొత్తగూడ. ఏప్రిల్ వచ్చిందంటే ఆ దారిలో కారు కదలదు, ఎండ మాత్రం కదులుతూనే ఉంటుంది. "అద్దాలకు ఫిల్మ్ వేయిస్తాను, ఎండ చంపేస్తోంది" అని ఇంట్లో ప్రకటించాను. మా ఆవిడ ఏమీ అనలేదు. ఏమీ అనకపోతే నేను ఒప్పుకున్నట్టే తీసుకుంటాను. పెళ్లయిన దగ్గర్నుంచీ ఉన్న అలవాటు.

అసలు కారణం ఎండ కాదు. మా అపార్ట్‌మెంటులో ఒకాయనకు నల్లటి పెద్ద బండి ఉంది. అద్దాలు కూడా నలుపే. ఆ బండి వీధి మలుపు తిరుగుతుండగానే మా వాచ్‌మన్ లేచి గేటు తీసి నిలబడతాడు. నేను వచ్చేసరికి కూర్చున్న చోటినుంచే "తీసే ఉంది సార్" అంటాడు. లోపల ఎవరున్నారో కనపడని కారుకు ఈ నగరంలో ఒక మర్యాద ఉంది. అది నాకూ కావాలనిపించింది. ఎండ అన్నది ఇంట్లో చెప్పడానికి దొరికిన మాట.

చట్టం చూడకుండా వెళ్లేంత తెలివితక్కువవాణ్ణి కాదు. చూశాను. అలా చూడటమే నా కొంప ముంచింది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 100వ నిబంధన ఉంది. ముందు అద్దానికీ వెనక అద్దానికీ 70 శాతం, పక్క అద్దాలకు 50 శాతం. ఈ రెండు అంకెలు కళ్లబడగానే ఫోన్ జేబులో పెట్టేశాను. ఆ వాక్యంలో 'కాంతి ప్రసారం' అనీ, 'తగ్గకూడదు' అనీ రెండు మాటలున్నాయి. చదివాను, ఎక్కించుకోలేదు. 70 శాతం దాకా నలుపు పెట్టుకోవచ్చు, పక్కలకైతే 50 దాకా అని తేల్చుకున్నాను. గవర్నమెంటు ఇంత ఉదారంగా ఉందని ఎవరూ చెప్పరేంటా అని ఆశ్చర్యపడ్డాను కూడా.

ఆ ఉత్సాహంలో డాలస్‌లో ఉన్న బావమరిదికి ఫోన్ చేశాను. అమెరికాలో ఈ రూల్ ఒక్కో రాష్ట్రానికి ఒక్కో తీరు. వాళ్ల టెక్సస్‌లో ముందు పక్క అద్దాలకు 25 శాతం అట. "మీకు 25 మాత్రమేనా? మాకిక్కడ 50, వెనకైతే 70!" అన్నాను. కాసేపు అటునుంచి మాట లేదు. "బావా, అది లోపలికొచ్చే వెలుతురేమో చూసుకో. మాది ఎక్కువ నలుపు, మీది తక్కువ" అన్నాడు. అక్కడి కార్లు చూసి చూసి వీడికి మన దేశం లోకువైపోయిందని అనుకున్నాను. పోటీపరీక్షలకు నేనే లెక్కలు చెప్పిన పిల్లాడు, నాకు శాతాలు నేర్పడమా!

షాపు నిజాంపేట రోడ్డు మీద. పేరు చెప్పను, వాళ్ల తప్పేమీ లేదు. కౌంటరు మీద అరచేతంత గాజుముక్కలు వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కోదాని మూల తెల్ల స్టిక్కరు మీద ఒక అంకె: 5, 20, 35, 50, 70. ఒక్కోటీ తీసి ట్యూబ్‌లైటు కేసి పట్టుకుని చూశాను. 70 ముక్కలోంచి ట్యూబ్‌లైటు మీది దుమ్ము కూడా కనపడుతోంది. 5 ముక్కలోంచి ట్యూబ్‌లైటే సరిగ్గా కనపడటం లేదు. బుర్ర వెలగాల్సిన చోటు అదే. అంకె తగ్గేకొద్దీ నలుపు పెరుగుతోందని చిన్నపిల్లాడైనా చెబుతాడు. అదంతా ఎదురుగా చూస్తూ నేను చేసిన ఆలోచన ఇదీ: పక్కలకు 50 దాకా అనుమతి ఉంది, నేను 20 పెట్టించుకుంటున్నాను, అంటే అనుమతిలో సగం కూడా వాడుకోవడం లేదు. అంకె చిన్నదైతే నేరం కూడా చిన్నదే!

"50 వేసేదా అన్నా, 20 వేసేదా?" అన్నాడు కుర్రాడు. "50 అయితే ఏసినట్టే తెల్వదు."

"20 చాలు. మనకు అతి వద్దు" అన్నాను.

వాడు నన్నొక క్షణం చూశాడు. బేరం పోగొట్టుకునే మాట వాడెందుకు మాట్లాడతాడు? సబ్బునీళ్లు చిమ్మి, ఫిల్మ్ పరిచి, రబ్బరు పలకతో నీళ్లు బయటికి నెట్టి, హీట్‌గన్‌తో అంచులు సర్ది, బ్లేడుతో చుట్టూ కోసి మధ్యాహ్నానికల్లా పని కానిచ్చేశాడు. ఐదు వేల పైచిలుకు అయింది. కారు బయటికి తీసి దూరంగా నిలబడి చూసుకున్నాను. మొహమాటం లేకుండా చెబుతున్నాను, కళ్లు చెమర్చినంత పనైంది.

అపార్ట్‌మెంటు గేటు దగ్గరికొచ్చి హారన్ కొట్టాను. వాచ్‌మన్ లేచాడు. గేటు తీయలేదు. నెమ్మదిగా వచ్చి అద్దం మీద కొట్టి, "ఏ ఫ్లాటుకు సార్?" అని రిజిస్టర్ అందించాడు. అద్దం దించి మొహం చూపించాల్సి వచ్చింది. ఆ తర్వాత చాలా రోజులు, నా ఇంటికి నేను వెళ్లడానికి అద్దం దించుతూనే ఉన్నాను.

మా అమ్మకు కంటి శుక్లాల ఆపరేషన్ అయి ఎంతో కాలం కాలేదు. వెనక సీట్లో కూర్చోబెట్టుకుని కూకట్‌పల్లి తీసుకెళ్తుంటే సాయంత్రం నాలుగింటికే "అప్పుడే పొద్దుగూకిందేంట్రా? దీపాలు పెట్టే వేళకు బయల్దేరామా?" అంది. కళ్ల డాక్టరు అంత ఖర్చు పెట్టించి తెచ్చిన వెలుతురును నేను చవగ్గా మళ్లీ తీసేశాను.

చల్లదనం సంగతి. ఫిల్మ్ వేసినా ఏసీ అదే మూడో నంబర్లో ఉండేది. తర్వాత తీరుబాటుగా చదివితే తెలిసింది. ఎండలో దాదాపు సగం వేడి కంటికి కనపడని పరారుణ కిరణాలది. నల్లరంగు అద్దిన చవక ఫిల్మ్ కంటికి కనపడే వెలుతురును బాగా ఆపుతుంది గానీ పరారుణాన్ని చాలావరకు వదిలేస్తుంది. పైగా మింగిన వేడితో తానే కాలి, ఆ సెగలో కొంత లోపలికే కొడుతుంది. కంటికి చల్లగా ఉంటే ఒంటికీ చల్లగా ఉందనుకుంటాం. పరారుణాన్ని ఆపే సిరామిక్ ఫిల్ములు వేరే ఉన్నాయి. వాటిలో కొన్ని దాదాపు తెల్లగానే ఉంటాయి. షాపులో ఎర్రటి దీపం ముందు అలాంటి గాజు పెట్టి, "చెయ్యి పెట్టి చూడన్నా" అని ఆ కుర్రాడు చూపించాడు కూడా. చెయ్యి పెట్టాను, వేడి తెలియలేదు. అయినా తెల్లగా ఉందని పక్కన పెట్టేశాను. ఎండ కోసం వెళ్లినవాడు చేయాల్సిన పనేనా అది?

ఇంకొకటి ఉంది, ఇది మా ఆవిడ కనిపెట్టింది. బాచుపల్లి నుంచి గచ్చిబౌలి ఇంచుమించు దక్షిణానికి. పొద్దున దక్షిణంగా పోతుంటే సూర్యుడు తూర్పున, అంటే ఎడమ పక్క. సాయంత్రం ఉత్తరంగా తిరిగొస్తుంటే సూర్యుడు పడమర, అప్పుడూ ఎడమ పక్కే. మన బండ్లలో డ్రైవరు కూర్చునేది కుడివైపు. "ఎండ రెండు పూటలా ఖాళీ సీటు మీద పడుతుంటే మిమ్మల్ని చంపిందెక్కడ?" అంది. నా దగ్గర జవాబు లేదు. సంవత్సరాల తరబడి నేను నీడలో కూర్చుని ఎండ గురించి ఫిర్యాదు చేస్తూ వచ్చాను.

జూన్‌లో వానలు మొదలయ్యాక అసలు శిక్ష పడింది. ఒక రాత్రి ఔటర్ రింగ్ రోడ్డు దిగి మల్లంపేట మీదుగా ఇంటికొస్తున్నాను. వీధి దీపాలు అక్కడొకటి ఇక్కడొకటి, రోడ్డు నిండా నీళ్లు, ఎదురుగా ఫార్మా కంపెనీల షిఫ్టు బస్సుల హెడ్‌లైట్లు. ఎడమ పక్క సైడ్ మిర్రర్ కోసం చూస్తే మిర్రరే లేదు. ఫిల్మ్ నలుపు, దాని మీద వాననీళ్లు, దాని అవతల చీకటి. కుడివైపూ అంతే. ఎడమకు తిరగబోతుంటే ఎవరో కుర్రాడు స్కూటర్ మీద నా డోరును రాసుకుంటూ వెళ్లి, ఆగి, వెనక్కి తిరిగి తిట్టాడు. తిట్టడం కూడా కనపడలేదు, వినపడింది. ఆ రాత్రి రెండు అద్దాలూ పూర్తిగా దించి, మెడ బయటికి పెట్టి, భుజం తడుపుకుంటూ ఇంటికి చేరాను. ఎండ తగలకుండా అద్దాలు మూసుకోవడానికని వేయించిన ఫిల్మ్, చివరికి వానలో అద్దాలు తెరిపించింది.

అప్పటికైనా తీయించానా? లేదు. ఐదు వేలు పోశాను కదా.

మియాపూర్ దగ్గర ఆపారు. ట్రాఫిక్ ఎస్‌ఐ, ఇద్దరు కానిస్టేబుళ్లు, ఒక హోంగార్డు. అద్దం దించగానే నేనే ముందు మొదలుపెట్టాను. "సార్, సెవెంటీ పర్సెంట్ దాకా పర్మిషన్ ఉంది. నాది ట్వంటీయే."

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "మీరేం పని చేస్తరు సార్?" అని అడిగాడు. చెప్పాను. "మరి మీకు నేను చెప్పుడేంది సార్! డెబ్భై శాతం వెలుతురు రావాలె. చీకటి గాదు. మీ ట్వంటీ అంటే వందల ఇరవయే లోపలికొస్తున్నదన్నట్టు" అన్నాడు. నా వెనక బైకుల మీద ఆగినవాళ్లు వింటున్నారు. అందులో మెడలో ఐడీ కార్డులున్న పిల్లలు కూడా ఉన్నారు. ఒకడు నవ్వాడు. దేంట్లో శాతమో చెప్పండి అని నేను ఆఫీసులో అనే మాట, ఎవరూ అనకుండానే, నా చెవిలో మోగింది.

"అయినా శాతాల లెక్క మాకెందుకు సార్, అసలు ఫిల్మే పెట్టొద్దని సుప్రీంకోర్టు చెప్పింది" అని చలానా రాశాడు. హోంగార్డు గోటితో అంచు లేపి డ్రైవర్ పక్క ఫిల్మ్ ఒక్క లాగు లాగాడు. సగం వచ్చింది, సగం ముక్కలుగా జిగురుతో నిలిచిపోయింది. మిగతావి ఇంటికెళ్లి తీసుకుంటానని బతిమాలుకున్నాను.

ఆ రాత్రి ఆ తీర్పు చదివాను. ఈసారి అంకెల దగ్గర ఆగకుండా. కోల్‌కతాకు చెందిన అవిషేక్ గోయెంకా అనే పౌరుడు, నల్ల అద్దాల చాటున జరుగుతున్న నేరాల మీద వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం అది. ప్రధాన న్యాయమూర్తి కపాడియా, జస్టిస్ పట్నాయక్, జస్టిస్ స్వతంత్ర కుమార్‌ల ధర్మాసనం 2012 ఏప్రిల్ 27న తీర్పు ఇచ్చింది. నిబంధన మాట్లాడేది గాజు గురించి. కంపెనీలో తయారయ్యేటప్పుడే గాజుకు అంత రంగు ఉండొచ్చు, దాన్ని ఆ స్థితిలోనే ఉంచుకోవాలి. తర్వాత మన చేత్తో దాని మీద ఏదీ అంటించకూడదు, అది ఎంత శాతం ఫిల్మ్ అయినా సరే. అదే ఏడాది మే 4 నుంచి దేశమంతా అమలు. చలానాతో సరిపెట్టకుండా ఫిల్మ్ అక్కడికక్కడే తీయించాలని కూడా పోలీసులకు చెప్పింది. హోంగార్డు గోరు వెనక సుప్రీంకోర్టు ఉందన్నమాట. జెడ్, జెడ్ ప్లస్ భద్రత ఉన్నవాళ్లకు మాత్రమే మినహాయింపు దొరికే వీలుంది. నాకున్న ముప్పల్లా మా వాచ్‌మన్ లేవకపోవడమే, దానికి జెడ్ ప్లస్ ఇవ్వరు.

ఫిల్ములు తయారుచేసే కంపెనీలు మళ్లీ కోర్టుకు వెళ్లాయి, ఆ ఆగస్టులోనే ఖాళీ చేతులతో తిరిగొచ్చాయి. ఆ డిసెంబరులో ఢిల్లీలో నల్ల అద్దాలు, కర్టెన్లు ఉన్న బస్సులో ఏం జరిగిందో ఎవరికీ చెప్పక్కర్లేదు. తీర్పు చదువుతున్నప్పుడు నాకు ఆ బస్సే గుర్తొచ్చింది. నా నలుపు వెనక ఉన్నది నేనూ నా టిఫిన్ డబ్బానే కావచ్చు. కానీ రోడ్డు మీద నిలబడ్డ ఎస్‌ఐకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

ఓదార్పుకు 2022 నాటి వార్తలు వెతుక్కున్నాను. ఆ ఏడాది మార్చి, ఏప్రిల్‌లలో హైదరాబాద్ పోలీసులు నల్ల ఫిల్ముల మీద పడ్డప్పుడు అల్లు అర్జున్, కల్యాణ్‌రామ్, మంచు మనోజ్, త్రివిక్రమ్, నాగచైతన్య, వీళ్లందరి కార్లకూ 700 రూపాయల చొప్పున చలానా పడింది. మా ఆవిడకు చూపించి, "చూశావా, ఎవరి సరసన ఉన్నానో" అన్నాను. "వాళ్లు మొహం కనపడకూడదని వేసుకున్నారు. మీ మొహం కనపడితే ఎవరికేం నష్టం?" అంది.

మిగిలిన ఫిల్మ్ తీయించడానికి షాపుకు వెళ్తే మళ్లీ డబ్బులు, మళ్లీ ఆ కుర్రాడి చూపు. ఆదివారం సెల్లార్‌లో నేనే కూర్చున్నాను. హెయిర్ డ్రయ్యర్, సబ్బునీళ్లు, బ్లేడు. పక్క అద్దాలు బాగానే వచ్చాయి. వెనక అద్దం మీద జిగురు మొండికేస్తే బ్లేడు కాస్త గట్టిగా నొక్కాను. వెనక అద్దం లోపలివైపు సన్నటి గోధుమరంగు గీతలు అడ్డంగా ఉంటాయి. పొగమంచు పట్టినప్పుడు అద్దాన్ని వేడిచేసేవి అవే. జిగురుతో పాటు వాటిలో కొన్ని కూడా పొడిపొడిగా బ్లేడుకు వచ్చేశాయి. ఇప్పుడు వానాకాలంలో నా వెనక అద్దం పైన ఒక బద్ద, కింద ఒక బద్ద మాత్రం తేటపడుతుంది. మధ్యలో ఆవిరి అలాగే ఉంటుంది. కొత్త అద్దం ఖరీదు అడిగి ఊరుకున్నాను.

అలా తుడుస్తుంటేనే పక్క అద్దం కింది మూల చిన్న అచ్చు కనపడింది. ఐఎస్‌ఐ ముద్ర, లైసెన్సు నంబరు, ఐఎస్ 2553 అన్న అంకె, తయారీదారు పేరు. కారు కొన్న రోజు నుంచీ అక్కడే ఉంది. వాహనాల గాజుకు ఉన్న ప్రమాణం అదే. వంద వెలుతురులో ఆ గాజు కూడా కొంత తానే ఆపేస్తుంది. మన కార్ల లేతాకుపచ్చ అద్దాల్లోంచి వచ్చేది సుమారు 75 అనుకుంటే, దాని మీద 20 ఫిల్మ్ అంటిస్తే 75లో 20 శాతం, అంటే 15. నేను ఇరవై అనుకున్నది ఇరవై కూడా కాదు. రెండు వడపోతలుంటే శాతాలను గుణించాలని మా టీములో చేరిన మొదటి వారమే చెబుతాను నేను.

కథ ఇక్కడితో అయిపోవాలి. 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు తీర్పు వచ్చింది. 2021 ఏప్రిల్ 1 నుంచి 100వ నిబంధన మారిందనీ, గాజుతో పాటు లోపలివైపు ప్లాస్టిక్ పొర ఉన్న 'సేఫ్టీ గ్లేజింగ్' కూడా అందులో చేరిందనీ, కాబట్టి ముందూ వెనకా 70, పక్కలకు 50 శాతం వెలుతురు తగ్గకుండా ఫిల్మ్ వేసుకుంటే తప్పు కాదనీ అంది. నాలో మళ్లీ ఏదో లేచింది. ప్రింటు తీసి గ్లోవ్‌బాక్సులో పెట్టుకున్నాను. ఆపితే చూపించి వాదించవచ్చు. కేరళ తీర్పు తెలంగాణ ఎస్‌ఐని కట్టేయదు, ఆయన చేతిలో వెలుతురు కొలిచే మీటరు కూడా ఉండదు, సుప్రీంకోర్టు మాట ఆయనకు గుర్తే ఉంటుంది. ఇవన్నీ మా ఆవిడ అడగకముందే నాకే తోచాయి. ఇది ప్రగతి అనే చెప్పాలి.

అయినా కాగితం మీద లెక్క వేశాను. గాజు 75 అనుకుంటే పక్క అద్దానికి 50 దక్కాలంటే ఫిల్మ్ కనీసం 67 ఉండాలి. వెనక అద్దానికి 70 దక్కాలంటే 93 పైన ఉండాలి. 93 శాతం వెలుతురు వదిలే ఫిల్మ్ అంటే అది ఉన్నట్టు దాన్ని వేసినవాడికే తెలియాలి. చివరికి తేలింది ఏమిటంటే, చట్టం ఎంత సడలించి చదివినా నాకు మిగిలేది ఆ తెల్ల సిరామిక్ ఫిల్మే, అదీ పక్క అద్దాలకే. వేడి తగ్గుతుంది. నలుపు రాదు. ఖరీదు నా పాత ఫిల్మ్‌కు ఎన్నో రెట్లు.

"ఎండ కోసమేగా? వేయించండి మరి" అంది మా ఆవిడ. "అన్నీ ఎందుకు, ఎడమవైపు రెండు అద్దాలకు చాలు. ఎండ అటే కదా." ఆవిడ నవ్వకుండానే అంది.

షాపుకు ఫోన్ చేసి ఎడమ పక్క రెండు అద్దాలకు రేటు అడిగాను. "ఒక్క సైడే ఏస్తే బండి జూస్తందుకు మంచిగుండదు అన్నా, లుక్ పోతది" అన్నాడు కుర్రాడు.

"అవును, అదీ నిజమే" అన్నాను. ఫోన్ పెట్టేశాక గానీ ఆ ఫిల్మ్ ఎవరికీ కనపడదన్న సంగతి గుర్తుకు రాలేదు.